గరుకు బండలు

గూడ్స్‌ను ఇంటికి తెచ్చింది మా ఆయన డేవిడ్. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో, గూడ్స్ రైళ్ళకు సిమెంటు ఎత్తే చోట ఆయనకు ఉద్యోగం. అక్కడి ఇంజనీరు ఒకాయనకు బదిలీ అయింది. వెళ్ళే చోట కుక్కను ఉంచుకునే వీలు లేదట. ఒక సాయంత్రం డేవిడ్ బైకు దిగి, ఛాతీకి కట్టుకున్న సంచిలోంచి పొడవాటి గోధుమరంగు కుక్కపిల్లనొకదాన్ని తీసి గడప లోపల పెట్టాడు. డాక్స్‌హుండ్ అని దాని జాతి పేరు చెప్పాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు.

మా అత్తమ్మ రాహేలమ్మ బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి దాన్ని తల నుంచి తోక దాకా చూసింది.

“కాళ్ళేవిరా దీనికి? సగం కోసి పంపిండ్రా?”

“గంతే ఉంటయమ్మా వీటికి.”

“మరి గిది కూసున్నదో నిలవడ్డదో ఎట్ల తెల్వాలెరా?” అన్నాడు మామయ్య ఎంకయ్య.

“పేరేం పెడదం నాన్నా?” అని అడిగింది మా అమ్మాయి రెబెక్క. అప్పుడది ఆరో తరగతి.

డేవిడ్ ఆలోచించలేదు. “ఎదురుంగ చూస్తే ఇంజను. పక్కకెళ్ళి చూస్తే ఎంతకూ అయిపోదు. గూడ్స్ అని పెడదం.”

అలా గూడ్స్ మా ఇంటివాడయ్యాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. గ్యాసు సిలిండరు తెచ్చినతను మొదటిసారి గేటు బయటే ఆగి కుక్కను కట్టేయమని అరిచాడు. లోపలికి వచ్చి వాణ్ణి చూశాక, ఇంకో కుక్క ఎక్కడుందని అడిగాడు. మెత్తటి మట్టి కనిపిస్తే వాడికి తవ్వకుండా ఉండటం చేతకాదు. అత్తమ్మ పుదీనా మడి మూడుసార్లు వేసి, నాలుగోసారి డబ్బాలో వేసి గోడ మీద పెట్టింది. చలికాలం వస్తే ఎవరి దుప్పటి దొరికితే ఆ దుప్పట్లోకి దూరి, కాళ్ళ దగ్గరికి చేరేదాకా ఆగేవాడు కాదు.

వాణ్ణి ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి తుంటి కింద ఉండాలి. నడుము వేలాడకూడదు. అంత పొడవు వెన్నుకు అంత చిన్న కాళ్ళు కాబట్టి బరువంతా నడుము మీదే పడుతుందని ఆ ఇంజనీరు చెప్పాడట. డేవిడ్ ఇంట్లో అందరికీ ఒక్కొక్కరికీ చూపించాడు. “పసిపోరని కన్న ఎక్కువైండు వీడు” అని అత్తమ్మ వెక్కిరించింది. మొదట నేర్చుకున్నది ఆమే.

పోయిన ఏడాది దసరా సెలవుల చివర డేవిడ్ చనిపోయాడు. గుండెనొప్పి. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత ఇంట్లో అన్ని పనులూ మామూలుగానే నడిచాయి. నేను పెద్దేముల్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. రోజూ పొద్దున హన్మయ్య షేరింగ్ ఆటోలో వెళ్ళి సాయంత్రం వచ్చేదాన్ని. వంట, ప్రార్థన, పేపర్లు దిద్దడం ఏదీ ఆగలేదు. మాటలే తగ్గాయి. తగ్గనిది రెబెక్క ఒక్కదానికే. అదీ గూడ్స్‌తోనే. బడి నుంచి రాగానే వాడి ముందు బాసింపట్టు వేసుకొని ఆ రోజు జరిగినదంతా వరసగా చెప్పేది. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, లెక్కల పరీక్షలో ఏం పోయింది, నాన్న ఉంటే ఏమనేవాడు. నేను పక్క గదిలో పేపర్లు దిద్దుతూ వినేదాన్ని. నా కూతురి సంగతులు నాకు అలాగే తెలిసేవి. తలుపు తీసి లోపలికి వెళితే ఆ మాటలు ఆగిపోతాయని వెళ్ళేదాన్ని కాదు.

డేవిడ్ జ్ఞాపకార్థం ఇంట్లో పెట్టుకునే ఏడాది ప్రార్థన కూడిక దగ్గర పడుతున్న రోజుల్లో మామయ్య ఒక మాట అన్నాడు.

“బండలకు పాలిష్ వెడ్త.”

తాండూరులో ఇల్లంటే కింద బండలే. మామయ్య వయసంతా ఆ పనిలోనే గడిచింది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఆయన పెట్టిన పాలిష్ ఉందో ఆయనకే గుర్తులేదు. మా ఇల్లు కట్టినప్పుడు మాత్రం క్వారీ నుంచి వచ్చిన బండలు వచ్చినట్టే పరిచాం. అందులో చేరాలన్న తొందర. పాలిష్ తర్వాత చూద్దామని డేవిడ్ అనేవాడు. అందరం అదే అనుకున్నాం.

“ఊరందరి ఇండ్లల్ల మొఖం కనవడేటట్టు వెట్టిన,” అన్నాడు మామయ్య. “సంఘపోళ్ళంత వస్తరు. నా కొడుకు ఇంట్ల గరుకు బండల మీద కూసోవెట్టాల్నా?”

కొడుకు కోసం చేయడానికి ఆయనకు ఇంకో పని మిగల్లేదని మా అందరికీ తెలుసు.

మిషన్ కిరాయికి తెచ్చి తానే నడిపాడు. ముందు అరగదీసే ముతక రాయి, తర్వాత దానికంటే సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. ఇల్లంతా బూడిదరంగు బురద. ఒక గది పూర్తయ్యేదాకా ఇంకో గదిలో వండుకున్నాం, ఇంకో గదిలో పడుకున్నాం. మోకాళ్ళ నొప్పులతో ఆయన పొద్దు గూకేదాకా ఆ మిషన్ వెనకే ఉండేవాడు. చివరికి బురద కడిగేసిన రోజు, నేల నీలంగా నిలిచిన నీళ్ళలా మెరిసింది. కిటికీ ఊచలు నేలలో కనిపించాయి. ఆయన గడపలో గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

“ఇగ జూడు,” అన్నాడు. ఎవరితో అన్నాడో నేను అడగలేదు. డేవిడ్ పోయాక ఆయన ముఖంలో నెమ్మది చూడటం అదే మొదలు.

గూడ్స్ ఆ నేల మీద మొదటి అడుగు వేయగానే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయాయి. పొట్ట నేలకు ఆనింది. లేచాడు. మళ్ళీ పడ్డాడు.

“తాతా, వీడు స్కేటింగ్ చేస్తుండు చూడు!” అని రెబెక్క పొట్ట పట్టుకొని నవ్వింది. మామయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో మళ్ళీ నవ్వు వినబడిందన్న సంతోషంలో, అది ఎందుకు వినబడుతోందో ఎవరం ఆలోచించలేదు. రెండు రోజుల్లో అలవాటు పడతాడనుకున్నాం. వాడు గోడల వెంబడి, గోళ్ళు బిగబట్టుకొని తిరగడం నేర్చుకున్నాడు. అదే అలవాటనుకున్నాం.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చుంటుండగా గేటు చప్పుడైంది. రెబెక్క మంచం మీద పడుకున్న గూడ్స్ మొరుగుతూ కిందికి దూకాడు. దూకినవాడు నేల మీద ఆగలేదు. నడుము మెలి తిరిగి అలాగే జారి గోడకు తగిలాడు. ఒక్క అరుపు అరిచాడు. మొరుగుడు కాదు. ముందుకాళ్ళతో లేవబోయాడు. వెనక కాళ్ళు వాడితో రాలేదు.

ఆదివారం తాండూరులో డాక్టరు దొరకలేదు. వికారాబాద్‌లో కుక్కలను చూసే డాక్టరమ్మ ఉందని తోటి టీచరు ఒకావిడ ఫోన్లో చెప్పింది. నడుము కదలకుండా గట్టి పలక మీద తీసుకెళ్ళాలంది. ఏ పలక మీద తీసుకెళ్ళాలో తోచక నేను ఇల్లంతా చూస్తుంటే, రెబెక్క తన క్యారమ్ బోర్డు తెచ్చి వాడి పక్కన పెట్టింది. వాణ్ణి మెల్లగా దాని మీదికి జరిపి, చున్నీతో వదులుగా కట్టాం. హన్మయ్యకు ఫోన్ చేశాను.

హన్మయ్య ఆటోతో వచ్చి బోర్డు వైపు చూశాడు.

“టీచరమ్మా, పేషెంటు గీడేనా?”

“అవును. వికారాబాద్ దాకా రావాలి.”

“వస్త. మీరు గా చివరకు పట్టుకోర్రి, పాప గీ చివరకు. గుంత వచ్చినప్పుడల్లా ముంగలనే చెప్త.”

దారి పొడుగునా అన్నట్టే చెప్పాడు. “గుంతా!” అనగానే మేమిద్దరం బోర్డును ఒళ్ళో నుంచి పైకి లేపి పట్టుకునేవాళ్ళం. ధారూరు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. “రోజూ నా ఆటో చప్పుడు వింటెనే లొల్లి లొల్లి చేసేటోడు. ఇయ్యాల ఒక్క మాట అంటలేడు. గదే మంచిగనిపిస్తలేదు టీచరమ్మా.”

డాక్టరు పేరు కరుణ. చిన్న వయసావిడ. వాణ్ణి బోర్డు మీదే ఉంచి వెన్ను పొడవునా వేళ్ళతో తడిమింది. వెనక కాలి వేలును పట్టుకొని గట్టిగా నొక్కింది. గూడ్స్ తల తిప్పి ఆమె చేతి మీదికి పళ్ళు చూపించాడు. రెబెక్క భయపడి వాడి మూతి పట్టుకోబోయింది.

“వద్దమ్మా, కోపం రానివ్వు,” అంది డాక్టరు. “నొప్పి తెలుస్తోంది. అది మంచి సంగతి.”

వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు జరిగి నరాన్ని నొక్కుతోందని చెప్పింది. మందులు రాసింది. కొన్ని వారాలు చిన్న చోటులో కదలకుండా ఉంచాలి, బయటికి ఎత్తుకొనే తీసుకెళ్ళాలి, బరువు తగ్గించాలి, మంచాలు ఎక్కనివ్వకూడదు. మళ్ళీ నడిచే అవకాశం ఉందంది. తర్వాత అడిగింది. “ఇంట్లో నేల ఎట్లాంటిది?”

నేను రెబెక్క వైపు చూశాను. “పాలిష్ బండలు,” అన్నాను.

“తాండూరా?”

“అవును.”

ఆమె కలం కింద పెట్టింది. “టీచర్‌గారూ, వీడు లేచినా సరే, ఆ నేల మీద మాత్రం నడవొద్దు. మళ్ళీ జారితే ఈసారి నొప్పి కూడా తెలియకపోవచ్చు. మట్టి నేలో, గరుకు నేలో ఉన్న ఇల్లు ఏదైనా ఉంటే అక్కడ ఉంచండి.”

ఇంటికి వచ్చాక లోపలి గది గుమ్మం దగ్గర రెబెక్క చదువుకునే బల్లను తిరగేసి, పైకి లేచిన నాలుగు కాళ్ళ చుట్టూ అత్తమ్మ పాత చీర బిగించి కట్టాం. లోపల బొంత పరిచాం. అదే వాడి గది. వాడు చీర అంచు మీద గడ్డం ఆనించి, ఇంట్లో ఎవరు ఏం తింటున్నారో చూస్తూ ఉండేవాడు.

నేల సంగతి మామయ్యకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే, అన్నాల దగ్గర రెబెక్క చెప్పేసింది.

“తాతా, గూడ్స్ ఇగ పాలిష్ మీద నడవొద్దట. డాక్టర్ చెప్పింది.”

ఆయన కలిపిన ముద్ద పళ్ళెంలోనే ఆగింది. “మొగులమ్మ కాడికి తోలిద్దాం. నవాబుపేటల మట్టి ఇల్లు, చుట్టూ చేను. తవ్వుకున్నంత తవ్వుకోవచ్చు. ఖుషీగ ఉంటడు.”

మొగులమ్మ ఆయన చెల్లెలు. కూడికకు ఎలాగూ వస్తుంది. వెళ్ళేటప్పుడు వాణ్ణి తీసుకెళ్తుంది. అక్కడికి ఆ మాట అయిపోయింది. రెబెక్క అన్నం వదిలేయలేదు. తలొంచుకొని పూర్తిగా తిని, పళ్ళెం కడిగి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

వాణ్ణి పంపకుండా ఉంచుకోవాలని ముందు బస్తాలు పరిచి చూశాను. నున్నటి నేల మీద బస్తాలే జారాయి. వాటి అంచు కాలికి తగిలి అత్తమ్మ పడబోయింది. తీసేశాను. ఇక మిగిలింది మామయ్యను అడగడమే. ఆ నేలను మళ్ళీ గరుకు చేయమని. బడిలో నలభైమంది పిల్లల ముందు మాట్లాడేదాన్ని, ఇంట్లో ఆ ఒక్క మాట అడగలేకపోయాను. ఆయన పొద్దున లేవగానే తడిగుడ్డ తీసుకొని నేలంతా తానే తుడిచేవాడు. గోడ మీద డేవిడ్ ఫోటో. దాని కిందికి వచ్చేసరికి రెండోసారి తుడిచేవాడు. అది చూసి సంచి తీసుకొని బడికి బయల్దేరేదాన్ని.

రెబెక్క బడి నుంచి వచ్చి గూడ్స్ పక్కన కూర్చునేది. మందు మింగించేది. డాక్టరు చెప్పినట్టు వెనక కాళ్ళను సైకిలు తొక్కినట్టు మెల్లగా ఆడించేది. మాట్లాడేది మాత్రం కాదు. పక్క గదిలో కూర్చున్న నాకు గోడ గడియారం తప్ప ఏమీ వినబడేది కాదు. నవాబుపేట పోయేవాడితో మాటలెందుకని అనుకుందేమో. నాకు భయమేసింది. కుక్క పోతుందని కాదు.

వాడు మాత్రం తన పని తాను చేసుకుపోయాడు. ముందు తోక కదిలింది. తర్వాత ఒక వెనక కాలు. పెరట్లో మట్టి మీద దించి, పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుంటే, తాగినవాడిలా తూలుతూ నాలుగడుగులు వేశాడు. రెండోసారి వికారాబాద్ తీసుకెళ్ళినప్పుడు డాక్టరు కరుణ సంతోషించింది. గరుకు నేల మీద రోజూ కాసేపు నడిపించవచ్చంది. బరువు చూసి మాత్రం కళ్ళెగరేసింది.

“తగ్గాల్సింది పెరిగిండే! ఎవరు పెడుతున్నారు?”

ఇంటికి వచ్చి అత్తమ్మను అడిగాను.

“నేనేం పెడ్తలేను బిడ్డా,” అంది అత్తమ్మ. గూడ్స్ మీసానికి జొన్నరొట్టె ముక్క అంటుకొని ఉంది. ఆమె కొంగుతో దాన్ని తుడిచేసి, “గాలికి వచ్చి పడ్డదేమో,” అంది.

కూడికకు ఇంకో పది పన్నెండు రోజులుందనగా, ఒక సాయంత్రం అత్తమ్మ మామయ్యకు చాయ తెస్తోంది. ముందుగదిలోకి వస్తూ కాలు జారింది. పడలేదు. ఒక చేత్తో గోడ పట్టుకొని అలాగే మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. గ్లాసు దొర్లి చాయంతా పోయింది.

“చూసుకొని నడువరాదే!” అన్నాడు మామయ్య కంగారుగా లేస్తూ. “కండ్లు యాడ వెట్టుకున్నవ్?”

“నేల మీదనే వెట్టుకున్న. నా మొఖమే కనవడ్తుంది, అడుగెక్కడ వెయ్యాల్నో కనవడ్తలేదు.”

“దెబ్బ తాకిందా?”

“ఇయ్యాల తాకలే. రేపు తాకుతది.” ఆమె లేవలేదు. అక్కడే కాళ్ళు చాపుకొని కూర్చుంది. “నువ్వు పాలిష్ వెట్టినకాడికెళ్ళి గోడ పట్టుకొనే తిరుగుతున్న. గా కుక్క గోడ పొంటి పోతుండె చూడు, దాని ఎనక నేను. నీకు కనవడ్డదా ఒక్కనాడన్న?”

“చెప్పొచ్చు గదనే మరి.”

“ఎట్ల చెప్పాలె? కొడుకు పేరు మీద చేసుకుంటివి. మోకాళ్ళు కూలంగ చేసుకుంటివి. జారుతున్నదని నేనెట్ల చెప్పాలె?”

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అత్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకొని, గొంతు మార్చింది.

“కుక్కను నవాబుపేటకు తోలిస్తనన్నవ్. మరి నన్నేడికి తోలిస్తవ్? నీ చెల్లె కాడికేనా? ఇద్దర్ని ఒక్క తాడుకే కట్టిస్తవా?”

లోపలి గదిలోంచి నవ్వు వినబడింది. రెబెక్క. ఆపుకోబోయింది గాని ఆగలేదు. చీర అంచు మీద గడ్డం పెట్టుకున్న గూడ్స్ కూడా ఏదో అర్థమైనట్టు ఒకసారి మొరిగాడు.

మామయ్య అత్తమ్మకు చెయ్యి అందించి లేపాడు. చిందిన చాయను తడిగుడ్డతో తుడిచాడు. ఆ తర్వాత బయటికి వెళ్ళి, చీకటి పడేదాకా గేటు దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. టకటకమన్న చప్పుడుకు బయటికి వచ్చి చూస్తే మామయ్య గూడ్స్ గది ముందు గోనెపట్టా వేసుకొని కూర్చున్నాడు. చేతిలో ఉలి, సుత్తి. తాను మెరిపించిన బండ మీద చిన్న చిన్న గాట్లు పెడుతున్నాడు. రాతి పొడి మీసాల మీద పడి తెల్లగా ఉంది.

“మామా,” అన్నాను. ఇన్నాళ్ళు సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికి రాలేదు. “మిషన్ తెప్పిద్దామా? ముతక రాయి వేస్తే తొందరగా అవుతుంది కదా.”

“ఇల్లంత అవసరం లేదు బిడ్డా. నడిచే తొవ్వ మందం చాలు. అంచులకు పాలిష్ ఉండనియ్యి. మొఖం చూసుకునేటోళ్ళు అంచుకు నిలవడి చూసుకుంటరు.”

రెబెక్క నిద్ర కళ్ళతో వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“ఎంత ఎడల్పు గావాలె వీనికి?” అని అడిగాడు మామయ్య.

రెబెక్క గూడ్స్ వైపు చూసింది, వంటింటి వైపు చూసింది. “అవ్వకు గూడ గావాలె గద తాతా. జర ఎడల్పు పెట్టు.”

“మీ అవ్వకైతే రోడ్డే ఎయ్యాలె.”

“ఇనవడ్తుంది!” అని వంటింట్లోంచి అత్తమ్మ.

ఆ పని చాలా రోజులు పట్టింది. పాడు చేస్తున్నప్పుడు కూడా ఆయన చెయ్యి తిన్నగానే పోయింది. గాట్లన్నీ ఒకే వాలులో, ఒకే దూరంలో, విసుర్రాయికి కొట్టినట్టు పడ్డాయి. గూడ్స్ గది నుంచి ముందుగదిలోకి, అక్కడి నుంచి పెరటి తలుపు దాకా ఒక దారి, దాని నుంచి వంటింటి వైపు ఒక దారి. మోకాళ్ళు పట్టేస్తే లేచి కాసేపు గోడకు ఆనుకునేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. ఫోటో కింద ఉన్న బండ దగ్గరికి వచ్చిన రోజు ఉలి పట్టుకొని కొంతసేపు ఊరికే ఉన్నాడు. తర్వాత దాని మీదా కొట్టాడు.

బడి నుంచి రాగానే రెబెక్క ఉలి చప్పుడు మీద నుంచి గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టింది. గూడ్స్‌కు చెబుతున్నట్టే చెప్పేది. మధ్యమధ్యలో మామయ్య సుత్తి ఆపి, “గా పిల్ల గట్లెందుకన్నది మరి?” అని అడిగేవాడు. “నువ్వు పని చెయ్యి తాతా, నేను గూడ్స్‌కు చెప్తున్న,” అనేది. ఆయన మళ్ళీ కొట్టడం మొదలుపెట్టగానే, జవాబు కూడా గూడ్స్‌కే చెప్పేది. ఒకరోజు నేను పేపర్లు తీసుకొని వెళ్ళి వాళ్ళ దగ్గరే కూర్చున్నాను. అది మాట్లాడటం ఆపలేదు.

కూడిక రోజు మొగులమ్మ అందరికంటే ముందు వచ్చింది. చేతిలో సంచి, సంచిలో సొరకాయలు, పైన చుట్ట చుట్టిన కొత్త తాడు. చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టి ఆగిపోయింది.

“గిదేందన్నా! నేలకు అమ్మోరు పోసినట్టున్నది!”

“కుక్కకు, మీ వదినెకు జారుతుందని కొట్టిన.”

“కుక్క నాకిస్తనంటివి గద. తాడు గూడ కొన్న.”

“ఇయ్య.”

“ఏం, ఎందుకియ్యవ్?”

“ఇయ్యనంటే ఇయ్య. తాడు నీ మేకకు కట్టుకో.”

మొగులమ్మ అత్తమ్మ వైపు చూసింది. “వదినె, చూసినవా మీ ఆయన మాట?”

“చూసిన చూసిన. సొరకాయలిటు తే,” అంది అత్తమ్మ. ఆ దారి మీద గోడ పట్టుకోకుండా నడిచి వెళ్ళి వాటిని అందుకుంది.

సాయంత్రానికి సంఘం వాళ్ళతో ఇల్లు నిండింది. చాపలు చాలక కొందరు బండల మీదే కూర్చున్నారు. ఒకరిద్దరు ఆ గాట్లను వేలితో తడిమి చూశారు. పాటలు పాడాం. డేవిడ్ గురించి ఫ్యాక్టరీ స్నేహితుడొకాయన రెండు మాటలు చెప్పి కూర్చున్నాడు. నన్ను చెప్పమన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఎవరూ బలవంతం చేయలేదు.

గూడ్స్ తన గదిలో బుద్ధిగానే ఉన్నాడు. పాస్టరయ్య చివరి ప్రార్థనకు అందరినీ కళ్ళు మూసుకొమ్మన్నారు. మూసుకున్నాం. ఆయన మా కుటుంబం పేరు పేరునా ప్రార్థిస్తున్నారు. ఆ మాటల కింద నాకు ఇంకో చప్పుడు వినబడింది. చీర ముడి జారిన చప్పుడు. తర్వాత రాతి మీద గోళ్ళ చప్పుడు. టిక్కు, టిక్కు, కాస్త ఆగి, టిక్కు.

నేను కళ్ళు తెరిచాను.

వాడు బల్ల దిగి గరుకు దారి మీదికి వచ్చాడు. ఎవరూ పట్టుకోలేదు. పొట్ట కింద తువ్వాలు లేదు. వెనక భాగం కాస్త ఎడమకు ఊగుతోంది. కాళ్ళు మాత్రం ఎక్కడ వేస్తే అక్కడ నిలిచాయి. వంగిన తలల మధ్య నుంచి, ముక్కు ముందుకు చాపి, వంటింట్లోని మాంసం కూర గిన్నెల వైపు తీరికగా నడుస్తున్నాడు.

ఇటు చూస్తే రెబెక్క కళ్ళు తెరిచే ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఉంది. అత్తమ్మ చేతులు జోడించి ఉంది గాని ఒక కన్ను తెరిచి ఉంది. మామయ్య ప్రార్థన సంగతే మరిచిపోయి, ముందుకు వంగి, వాడు వేసే ప్రతి అడుగు కిందా ఉన్న బండను చూస్తున్నాడు. గూడ్స్ ఫోటో ముందు నుంచి పోయాడు. ఆగలేదు. వంటింటి గడప దగ్గరికి చేరి, అక్కడ కూర్చుని, లోపలికి చూస్తూ తోక ఊపాడు.

పాస్టరయ్య ఆమెన్ అన్నారు. అందరూ అన్నారు. మేం నలుగురం కాస్త ఆలస్యంగా అన్నాం.